ఊదా జావ

శనివారం పొద్దున్నే మా పాత స్నేహితుల ఫోను గ్రూపులో ఒక సందేశం వచ్చింది. చోవా చూ కాంగ్ ఆంటీ ఇక లేరు, మనలో పూర్తిగా కలిసిపోయిన మంచి మనిషి, ఆవిడ చేతి పులిహోర ఎప్పటికీ మరచిపోలేం అని. దాని కింద వరసగా దండాల బొమ్మలు. చోవా చూ కాంగ్ ఆవిడ పేరు కాదు, సింగపూర్‌లో ఆవిడ ఉండే పేట. నేను అదే ఊళ్ళో, పుంగ్గోల్‌లో మా వంటింట్లో నిలబడి దాన్ని మూడుసార్లు చదివాను. ఈలోగా పాలు పొంగి పొయ్యంతా పాడైంది. నాకు ముందు రావలసింది ఏడుపు. వచ్చింది మాత్రం కోపం.

మా అమ్మాయి నా మొహం చూసి, ఫోను లాక్కుని చదివి, "జస్ట్ పుట్ ఫోల్డెడ్ హాండ్స్ లా, అమ్మా," అంది. దానికేం, ఇక్కడ పుట్టి పెరిగింది, ఏ పనైనా రెండు సెకన్లలో తేలిపోవాలి. నేనూ ఒక బొమ్మ పెట్టి ఊరుకోవచ్చు. కానీ ఆవిడ పులిహోర చేసేదని రాసినవాడి కింద దండం పెట్టానంటే, నేనూ ఒప్పుకున్నట్టే. నేను ఒప్పుకోను. ఆవిడ జన్మలో పులిహోర కలపలేదు. మనలో కలిసిపోనూ లేదు. మన మధ్య ఉంది, మనతో మాట్లాడింది, మనకి పెట్టింది. అది వేరు.

పులిహోర సంగతి ముందు తేల్చేస్తాను. ఒక ఉగాదికి తలా ఒక వంటకం తెచ్చుకుని కలిశాం. ఆవిడ జాఫ్రా గింజలు నూనెలో వేడిచేసి, ఆ ఎర్రటి నూనెతో అన్నం వండి, పైన నిమ్మకాయ పిండి తెచ్చింది. వాళ్ళ దేశంలో వేయించిన చేపల పక్కన పెట్టుకునే మామూలు పసుపుపచ్చ అన్నం అది. మనవాళ్ళు రంగు చూశారు, పులుపు తగిలింది, ఇంకేముంది, పులిహోర అయిపోయింది. పోపు వేయలేదేమిటని ఒకావిడ అడిగింది. ఇది పులిహోర కాదమ్మా అని ఆంటీ చెప్పింది. పోపు లేకపోయినా పులిహోర బాగుందండీ అని ఒకాయన మెచ్చుకున్నాడు. ఆయనకీ చెప్పింది. ఆ మధ్యాహ్నం కనీసం పదిమందికి చెప్పి ఉంటుంది, ఒక్కరికీ ఎక్కలేదు. ఇరవై ఏళ్ళ తర్వాత ఆవిడ చావు కబురులో అదే పులిహోర తేలింది.

ఆవిడది ఈక్వడార్. దక్షిణ అమెరికాలో, పసిఫిక్ సముద్రం ఒడ్డున చిన్న దేశం. గ్వాయాకిల్ అనే రేవులో వాళ్ళమ్మ పొద్దున్నే ఓడలు దిగినవాళ్ళకి చేపల పులుసు పోసేది. ఆవిడ భర్త, మా అంకుల్, సింగపూర్‌లోనే పుట్టిన తెలుగువాడు. వాళ్ళ తాత తెల్లవాళ్ళ కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. అంకుల్ అరటిపళ్ళ ఓడలో ఇంజను గదిలో పనిచేస్తూ ఆ పులుసు దగ్గర ఆగిపోయాడు. మీ పెళ్ళి ఎలా జరిగిందని ఎన్నిసార్లు అడిగినా, "పులుసు బాగుంది," అని నవ్వి ఊరుకునేవాడు. అంతకు మించి నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

ఆవిడ తెలుగు అత్తగారి దగ్గర నేర్చుకున్నది. అందుకని ఆ గోధుమరంగు మొహం, చెంపల మీద ఆ ఎత్తైన ఎముకలు, మలయ్‌వాళ్ళు కట్టే పూల లుంగీ, నల్లపూసల్లోనే గుచ్చుకున్న చిన్న శిలువ, ఇవన్నీ చూసి ఏ భాషలో పలకరించాలా అని మనం తడుముకుంటూ ఉంటే, "ఏటి బాబూ, అలాగ నిలబడిపోనావు, కూకో," అనేది. నేను గుంటూరు జిల్లా దాన్ని. మా ఇంట్లోవాళ్ళ మాటకన్నా ఆవిడ మాట పాతది. మధ్యలో మలయ్ మాటలు, అరవం మాటలు పడుతూ ఉండేవి. ముందు మకాన్, తర్వాత మాటలు అనేది. మకాన్ అంటే తిండి, సింగపూర్‌లో నాలుగు రోజులుంటే ఎవరికైనా వచ్చేస్తుంది.

చేత్తో ఏదీ చూపించేది కాదు. రెండు పెదాలూ ముందుకి సాచి, గడ్డం కాస్త ఎత్తి, పెదాలతోనే చూపించేది. ఉప్పు డబ్బా, తలుపు, రావడం ఆలస్యమైన మనిషి, అన్నీ పెదాలతోనే. వాళ్ళ దేశంలో అందరూ అంతేనట. వడ్డించే ముందు గరిటెతో గిన్నె అంచుని రెండుసార్లు కొట్టేది. ఆ చప్పుడు వినగానే అంకుల్ ఏ గదిలో ఉన్నా వచ్చి కూర్చునేవాడు. మేం తింటున్నంతసేపూ ఆవిడ నిలబడే ఉండేది, చేతిలో సగం కోసిన నిమ్మకాయతో. ఎవరి ముద్దలోనైనా పులుపు తగ్గిందనిపిస్తే అడగకుండానే పిండేసేది.

మేం ఆవిడ దగ్గరికి వెళ్ళిన కారణం వేరే. సింగపూర్‌లో కంప్యూటర్ ఉద్యోగాలకి మనవాళ్ళు విమానాల నిండా దిగుతున్న రోజులవి. మా కంపెనీ బ్యాంకులకి సాఫ్ట్‌వేర్ పెట్టేది. ఈక్వడార్ సొంత నోట్లు వదిలేసి డాలర్‌కి మారడంతో, రాజధాని క్విటోలో ఒక బ్యాంకు ప్రోగ్రాములన్నీ తిరగరాయాలి. మా టీములో నాతో కలిపి నలుగురం వెళ్ళాలి. అక్కడేం తింటాం, ఎలా బతుకుతాం అని మేం కిందామీదా పడుతుంటే, చోవా చూ కాంగ్‌లో గది అద్దెకుంటున్న మావాడొకడు, తన బ్లాకులోనే ఆ దేశపు ఆంటీ ఉందనీ, పైగా తెలుగు మాట్లాడుతుందనీ చెప్పాడు. మేం నమ్మలేదు. ఆ శనివారం వెళ్ళి నమ్మాం.

అలా ఆరు శనివారాలు మాకు తిండి పాఠాలు నడిచాయి. చేపల పులుసులో కర్రపెండలం ముక్కలు, పైన నిమ్మరసంలో నానిన ఎర్రుల్లిపాయ, దాని మీద అరటికాయ చిప్స్. అది పొద్దున టిఫిను. పొద్దున్నే పులుసేమిటని మావాడొకడు గొణిగితే, పొద్దున్నే సాంబారు నువ్వు తాగడం లేదా అని అడిగింది. వాడు గిన్నె ముందుకి జరిపాడు. పచ్చి అరటికాయ ఉడికించి, దంచి, లోపల వెన్నముద్దలాంటి జున్ను పెట్టి చేసిన పెద్ద ఉండలు. సూపులో పాప్‌కార్న్. పాప్‌కార్న్ సినిమా హాల్లో తినేదని మేం నవ్వితే, తిని నవ్వమంది. తిన్నాక నిజంగా నవ్వు ఆగిపోయింది, బాగుంది మరి.

ఆవిడ సముద్రం ఒడ్డు మనిషి. మేం వెళ్ళేది కొండల మీదకి. కొండమీదవాళ్ళ వంట అంటే ఆవిడకి చిన్నచూపు, బంగాళాదుంపలు తప్ప వాళ్ళకేం తెలుసు అనేది. అయినా ఆ బంగాళాదుంపల సూపు కూడా మాకోసం చేసి చూపించింది. దిగిన మొదటి రోజు సగం కడుపే తినండి, ఎత్తు మీద గాలి పలచన, కడుపు నిండితే ఊపిరి ఆడదు అని చెప్పింది. మధ్యాహ్నం చిన్న హోటళ్ళలో సూపు, అన్నం కూర, పళ్ళరసం ఒక వరసలో వస్తాయి, మధ్యలో లేచి రావద్దంది. గినీ పిగ్ అనే ఎలుకలాంటి జంతువుని కాల్చి పెడతారని ఎక్కడో విని మావాడొకడు మొహం వికారంగా పెట్టాడు. అప్పుడే ఆవిడ మొదటిసారి గట్టిగా మాట్లాడింది.

"తినకపోతే మానెయ్. మొకం మాత్రం అలాగెట్టకు. వండినామె సూస్తాది."

ఇంకో సంగతి. ఆవిడ కుండలో కారం వేసేది కాదు. ఎన్ని మిరపకాయలైనా నూరి, టమాటా, నిమ్మరసం కలిపి, చిన్న గిన్నెలో బల్ల మధ్య పెట్టేది. గుంటూరు నోటికి అది ఎంత శిక్షో నాకు తెలుసు. కూరలో కారం లేకపోతే అది కూర ఎలా అవుతుందని రెండో శనివారమే పోట్లాడాను. వండేటప్పుడే కాస్త వేయమని బతిమాలాను. వెయ్యను అంది. నువ్వు గిన్నెంతా పోసుకో, నేను అడ్డం రాను, కానీ పక్కవాడి నోట్లో ఎంత మండాలో నువ్వు తేల్చకు అంది. నేను పంతానికి గిన్నెలో సగం పోసుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ తిన్నాను. ఆవిడ నవ్వలేదు, నిమ్మకాయ పిండింది.

కానీ మా అసలు గొడవ కుక్కర్ దగ్గర వచ్చింది. క్విటో చాలా ఎత్తు మీద ఉంది. అక్కడ నీళ్ళు తొందరగా మరిగిపోతాయి, కుక్కర్ లేకపోతే పప్పు ఉడకదని ఎవరో చెప్పారు. నలుగురం నాలుగు కుక్కర్లు కొన్నాం. మా అమ్మ గుంటూరు నుంచి ఎవరి చేతనో ఆవకాయ, గోంగూర పంపింది. ఆంటీకి తెలిసిపోయింది. అక్కడివాళ్ళకీ కుక్కర్లున్నాయి, వాళ్ళేం పచ్చిపప్పు తిని బతకడం లేదు అంది. కుక్కర్ పెట్టుకెళ్ళొద్దంది. ఎందుకని అడిగితే చెప్పిన మాట ఇది.

"కుక్కరెట్టుకెల్లినోడు ఆ ఊరెల్లినట్టు కాదమ్మా. ఆడి కుక్కరెల్లినట్టు."

మేం బుద్ధిగా తల ఊపాం. ఇంటికొచ్చి కుక్కర్లు పెట్టెల్లో చీరల మధ్య, ప్యాంట్ల మధ్య సర్దుకున్నాం. ఆవిడ మా దగ్గర ఆరు శనివారాలకి అడిగింది ఒక్కటే. అక్కడి మార్కెట్లో దొరికే ఊదారంగు మొక్కజొన్న పిండి ఒక సంచి తెచ్చిపెట్టమని.

ఆ పిండి దేనికో కూడా చెప్పాలి. నవంబరు మొదట్లో వాళ్ళ దేశంలో చనిపోయినవాళ్ళని తలచుకునే రోజు వస్తుంది. ఆ రోజు ఇంటింటా ఆ పిండితో జావ కాస్తారు. అందులో నల్లటి బెర్రీ పళ్ళు, అనాస, బెల్లం, లవంగం, దాల్చినచెక్క, నారింజ ఆకులు పడతాయి. చిక్కగా, ఊదారంగులో, వేడివేడిగా ఉంటుంది. చనిపోయినవాళ్ళకి ఒక గ్లాసు, బతికున్నవాళ్ళకి తలొక గ్లాసు. సింగపూర్‌లో ఆ పిండి దొరక్క, ఆవిడ ఏళ్ళ తరబడి ఇక్కడి నల్ల బియ్యం నానబెట్టి రుబ్బి అదే కాస్తూ వచ్చింది. రంగు వస్తుంది, వాసన రాదు అనేది. అంకుల్ ఆ రోజు రెండు గ్లాసులు తాగేవాడు. ఒకటి తనకి, ఒకటి గ్వాయాకిల్ రేవులో ఓడవాళ్ళకి పులుసు పోసిన అత్తగారికి.

మేం క్విటోలో మూడు నెలలున్నాం. సిగ్గుపడుతూనే రాస్తున్నాను, మూడు నెలలూ కుక్కర్ కూతల మధ్యే బతికాం. పొద్దున ఉప్మా, రాత్రి పప్పన్నం. కిటికీలోంచి మంచు కొండ కనిపించేది, దాన్ని చూస్తూ ఆవకాయ కలుపుకునేవాళ్ళం. బ్యాంకులో అక్కడి ఉద్యోగులు భోజనానికి పిలిస్తే పని ఉందని తప్పించుకునేవాళ్ళం. వచ్చే ముందు రోజు మా హోటలు పక్కనున్న పెద్ద షాపులో అందమైన అట్టపెట్టెలో ఊదాపిండి కొన్నాను. మిగతా ముగ్గురూ అక్కడే కొన్నారు.

తిరిగొచ్చి పిండి ఆవిడ చేతిలో పెట్టాను. ఎక్కడ కొన్నావని అడిగింది. మార్కెట్లో ఒక ముసలావిడ దగ్గర అని చెప్పాను. అబద్ధం ఎందుకు చెప్పానో, చెప్పేశాను. ఆవిడ పెట్టె అటూఇటూ తిప్పింది.

"కొసరేటిచ్చింది?"

నాకు అర్థం కాలేదు. కొసరు ఏమీ ఇవ్వలేదాంటీ, అన్నాను. ఆవిడ పెట్టె అల్మారాలో పెట్టేసింది. ముందే అక్కడ మావాళ్ళ పెట్టెలు మూడున్నాయి, మూతలు విప్పకుండా.

"పిండి బానే ఉంటాది. నువ్వే ఎల్లలేదు," అంది.

తలుపు దాకా వచ్చాక విషయం చెప్పింది. అక్కడి మార్కెట్లో ఏది కొన్నా, తూచి ఇచ్చాక, అమ్మేవాళ్ళు ఇంకాస్త చేత్తో తీసి వేస్తారు. దాన్ని యాపా అంటారు. కానీ అడగాలి. అడగనివాళ్ళకి ఎవరూ వేయరు. అడగడమంటే ఆశ కాదు, మళ్ళీ నీ దగ్గరికే వస్తానని మాటివ్వడం. ఆ పెద్ద షాపులో యాపా ఉండదు, అక్కడ ఎవరికీ ఎవరూ ఏమీ కారు కాబట్టి. నేను లిఫ్టులో కిందికి దిగుతూ మా అమ్మని తలచుకున్నాను. గుంటూరు బజారులో అమ్మ కూరగాయలన్నీ కొన్నాక కరివేపాకు కొసరు అడుగుతుంటే, ఇంజనీరింగు చదువుతున్న నేను నాలుగడుగులు దూరంగా జరిగి నిలబడేదాన్ని, మా అమ్మ కానట్టు. ఆ రోజు లిఫ్టులో నా మీద నాకు చచ్చేంత అసహ్యం వేసింది.

ఆరు నెలలకి మళ్ళీ క్విటో పంపారు. ఈసారి కుక్కర్ మా అద్దె ఇంట్లోనే అటకెక్కింది. ఆవకాయ ఆఫీసులో పంచిపెట్టేశాను. దిగిన రెండో ఆదివారం మార్కెట్‌కి వెళ్ళాను. లోపల ఒక వరస నిండా ఆడవాళ్ళు గిన్నెలు పెట్టుకుని వడ్డిస్తున్నారు, ఎదురుగా పొడవాటి బల్లలు. ఎత్తుకి ఆయాసపడుతూ ఒక బల్ల మీద కూర్చున్నాను. బంగాళాదుంపల సూపు వచ్చింది, పైన తెల్ల జున్ను, అవకాడో ముక్క. చప్పగా ఉంది. పక్కనే చిన్న గిన్నెలో ఎర్రటి కారం ఉంది. ఒకటి, రెండు, మూడు చెంచాలు వేసుకున్నాను. వడ్డించినామె పక్కనామెని పిలిచి నన్ను పెదాలతో చూపించింది. ఇద్దరూ నవ్వారు. నాకు చోవా చూ కాంగ్‌లో ఉన్నట్టే అనిపించింది.

తర్వాత పక్క వరసలో పిండి అమ్మే ఆవిడ దగ్గరికి వెళ్ళాను. సంచి తూచి ఇచ్చింది. యాపా అని అడగాలి. మొదటిసారి నోట్లోనే గొణుక్కున్నాను. రెండోసారి ఆవిడకి వినబడలేదు. మూడోసారి కాస్త గట్టిగా అన్నాను, చుట్టుపక్కలవాళ్ళంతా తిరిగి చూశారు. ఆవిడ నన్ను కిందినుంచి పైదాకా చూసి, వంగి, ఒక బుట్టలోంచి ఎండిన చిన్న పూగిన్నెల్లాంటివి ఒక గుప్పెడు, నారింజ ఆకులు రెండు రెబ్బలు తీసి సంచిలో వేసింది. దాల్చినచెక్కలాంటి, కానీ ఇంకా లోతైన వాసన. ఆ వాసనే జావకి ప్రాణమని తర్వాత తెలిసింది. మరుసటి ఆదివారం మళ్ళీ వెళ్ళాను. ఆ తర్వాత ఆదివారమూ వెళ్ళాను. మూడోసారికి నేను అడగకుండానే వేసింది, అయినా నేను అలవాటుకొద్దీ అడిగాను.

సింగపూర్ వచ్చి సంచి ఇస్తే, ఆంటీ పిండి చూడలేదు. ఆ పూగిన్నెలు ఒక గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. అంకుల్ సోఫాలో కూర్చుని, నవంబరు దాకా ఆగాలా అని అడిగాడు. ఆగాలి అంది ఆవిడ.

నవంబరు రాకముందే అంకుల్ పోయాడు. నిద్రలోనే పోయాడు. నేను వెళ్ళేసరికి ఆవిడ ఏడవడం లేదు, వంటింట్లో గిన్నెలన్నీ తీసి మళ్ళీ సర్దుతోంది.

పెద్దకర్మ రోజున బ్లాకు కింద, ఇలాంటి వాటికోసమే ఖాళీగా వదిలే వాయిడ్ డెక్‌లో బల్లలు వేశారు. అంకుల్ ఫొటో ముందు విస్తరి పరిచి, ఆయనకి ఇష్టమైనవన్నీ వడ్డించాలి. గారెలు, పరమాన్నం, కోడికూర, అన్నీ ఆయన అక్కగారి చేతుల మీదుగా జరుగుతున్నాయి. డెబ్భై దాటిన మనిషి, ఇంటికి పెద్ద, ఆవిడ మాటకి తిరుగులేదు. అప్పుడు లిఫ్టులోంచి ఆంటీ దిగింది, చేతిలో మసిగుడ్డలతో పట్టుకున్న పెద్ద గిన్నె. మూత సందుల్లోంచి ఆవిరి, ఆ వాసన. నాకు చూడగానే తెలిసిపోయింది.

అక్కగారు మూత తీసి చూసింది. మూత చేత్తోనే పట్టుకుని ఆంటీ వైపు తిరిగింది.

"పితురుల ముందర ఈ రంగునీల్లేటి? మనోల్లెవులైనా ఎట్నారా? తీసుకెల్లి పైనెట్టీ," అంది.

పంతులుగారు వాచీ చూసుకున్నాడు. బంధువులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇవాళ వద్దులే, ఇంకో రోజు పెట్టుకో, పెద్దావిడ మాట వినమ్మా అని ఎవరో మెల్లగా అన్నారు. పోనీ ఇంట్లో ఫొటో ముందు పెట్టుకో అని ఇంకొకరు. అదే నేనైతే ఎప్పుడో గిన్నె తీసుకుని లిఫ్టెక్కేసేదాన్ని. ఆవిడ గిన్నె బల్ల మీద పెట్టింది. మసిగుడ్డలు మడిచి పక్కన పెట్టింది.

"వదినా, మా అమ్మ కోసం ముప్పై ఏల్లు ఈ జావ తాగినాడు. మీ తమ్ముడే, కాదన్ను. నాకు మొగుడు. నీ ఇస్తరి నువ్వెయ్యి, నానడ్డు సెప్పను. నా గళాసు నానెడతాను. తాగొద్దంటే మానెయ్. ఎట్టొద్దనకు."

గొంతు పెంచలేదు. కళ్ళలో నీళ్ళు కూడా లేవు. గరిటె గిన్నె అంచుకి రెండుసార్లు కొట్టింది. ఆ చప్పుడుకి రావలసిన మనిషి లేడు కదా, నాకు అప్పుడు ఏడుపు ఆగలేదు. ఆవిడ నా వైపు చూసి పెదాలతో గ్లాసులు చూపించింది. అక్కగారి కళ్ళు నా మీదే ఉన్నాయి. అయినా వెళ్ళి గ్లాసులు వరసగా పేర్చాను. మొదటిది విస్తరి పక్కన, గారెలకి తగలకుండా, ఆంటీయే పెట్టింది. తర్వాత తను ఒకటి తీసుకుంది. నేనొకటి తీసుకున్నాను. ఇంకెవరినీ తాగమని అడగలేదు. అరగంటలో పదిమంది దాకా తాగారు. అక్కగారు తాగలేదు.

చివరిదాకా తాగలేదు. అది చెప్పి తీరాలి, ఎందుకంటే ఇలాంటివి చెప్పేటప్పుడు చివర్లో అందరూ కలిసిపోయారని చెప్పడం మనకి అలవాటు. ప్రతి నవంబరులోనూ ఆంటీ ఒక గ్లాసు జావ మూతపెట్టి అక్కగారి ఇంటికి పంపేది. నేనే రెండు మూడుసార్లు తీసుకెళ్ళాను. అక్కగారు కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, గ్లాసు మూత తీయకుండా అలాగే తిరిగి నా చేతికిచ్చేది. మళ్ళీ ఏడు మళ్ళీ పంపడం, మళ్ళీ వెనక్కి రావడం. ఎందుకాంటీ ఈ పంతం అని ఒకసారి విసుక్కున్నాను. పంతమేముంది, ఎట్టడం నా వంతు, ఒద్దనడం ఆమె వంతు, ఇద్దరం బానే చేస్తున్నాం అంది.

కొన్నేళ్ళకి అక్కగారూ పోయింది. ఆ పెద్దకర్మకి ఆంటీ తెల్లవారుజామునే లేచి మినపపప్పు రుబ్బి గారెలు వండింది, పరమాన్నం చేసింది. జావ కాయలేదు. విస్తరి పక్కన గ్లాసు లేదు. నాకు చాలా ఆశ్చర్యం వేసింది. అన్నేళ్ళు పంపి, ఇప్పుడెందుకు పెట్టలేదని అడిగాను.

"బతికున్నన్నాల్లు ఎనక్కి పంపీది. ఇప్పుడెనక్కి పంపడానికి ఆమె లేదు కదమ్మా," అంది.

ఆ మాట విన్నాక ఆవిడ మొత్తం నాకు అర్థమైంది. కారం కుండలో ఎందుకు వేయదో కూడా అప్పుడే అర్థమైంది.

ఇదీ ఆవిడ. పులిహోర కాదు.

నిన్న ఆవిడ పెద్దకర్మ. ఆస్ట్రేలియాలో ఉంటున్న ఆవిడ కూతురు వచ్చింది. పాపం ఒక్కతే, అన్నీ గ్రూపువాళ్ళకే వదిలేసింది. వాళ్ళు హాలు మాట్లాడారు, భోజనాలు మాట్లాడారు. ఆంటీకి ఇష్టమని పులిహోర ప్రత్యేకంగా చెప్పారట. నేను ముందు రోజే నల్ల బియ్యం నానబోశాను. ఊదాపిండి ఇప్పుడు ఆన్‌లైన్లో ఇంటికే వస్తుంది, తెలుసు. నాకు అది వద్దనిపించింది. ఆవిడ ఏళ్ళ తరబడి ఈ ఊరి బియ్యంతోనే కాచుకుంది. టెక్కా మార్కెట్లో అనాస కొన్నాక నారింజ ఆకులు కొసరు అడిగాను. అమ్మే ఆయన వింతగా చూసి, నిమ్మాకులు ఒక రెబ్బ ఇచ్చాడు. రంగు వచ్చింది. వాసన ఆవిడ చెప్పినట్టే రాలేదు.

హాల్లో బల్ల దగ్గర ఒక కుర్రాడు మెడలో ఆఫీసు ట్యాగుతో నిలబడి అన్నీ చూసుకుంటున్నాడు. ఈ మధ్యే వచ్చాడట, ఆంటీని ఒకటి రెండుసార్లు చూశాడట. నా గిన్నె మూత తీసి చూశాడు.

"రాగి జావా ఆంటీ? మెనూ ఫిక్స్ అయిపోయిందండీ. మధ్యలో వేరే ఐటమ్ పెడితే అందరూ కన్ఫ్యూజ్ అవుతారు. కావాలంటే లోపల కిచెన్‌లో పెట్టేస్తాను."

మంచి పిల్లాడే. నన్ను ఆంటీ అన్నాడు, అన్నాడంటే వయసు అక్కడికి వచ్చిందనేగా. నేను మసిగుడ్డలు మడిచి పక్కన పెట్టాను.

"మీ పులిహోర మీరు పెట్టుకోండి నాయనా, నేను వద్దనను," అన్నాను. "ఇది కొసరు."

పెదాలతో పక్కకి జరగమని చూపించాను. జరిగాడు. గరిటె గిన్నె అంచుకి రెండుసార్లు కొట్టి, మొదటి గ్లాసు ఆవిడ ఫొటో ముందు పెట్టాను.